వార్దోలో ఒక భాగహారం

నవంబరు ఆఖర్న సూర్యుడు మా సముద్రంలోకి దిగి
రెండు నెలల దాకా రానని చెప్పిపోయిన సాయంత్రం
హెర్బోర్గ్ నా దుకాణానికొచ్చి
గళ్ళ నోటుబుక్కులు ఆరు, పెన్సిళ్ళు డజను,
రబ్బరు ఒక్కటంటే ఒక్కటి కొన్నది.

చేపల గోదాములో ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసిన మనిషి.
ఎండిన కాడ్ చేపల్ని పడవ పడవకీ వాటాలేసి
మిగిలిన తోకా తలా ఎవరి పేరున రాయాలో తెలిసిన మనిషి.
"ఈసారి వాటాలకి లొంగనిది ఒకటి దొరికింది," అంది.

అరవై ఒక్క రెళ్ళు ఒకదాన్నొకటి గుణించుకుని
చివర్న ఒకటి పోగొట్టుకుంటే వచ్చే సంఖ్య.
ఇరవైమూడు వేల కోటి కోట్ల పైమాటే.
అన్ని చేపలే గనక ఉంటే
ఇద్దరికి పంచు, ఏడుగురికి పంచు, ఊరందరికీ పంచు,
కనీసం ఒక్క చేపైనా గచ్చు మీద మిగిలి
నీ మొహంలోకి చూస్తుంది.
ఒకట్లూ సున్నాల లిపిలో రాస్తే
అరవై ఒక్క ఒకట్లు, భుజం భుజం ఆనించుకుని;
మధ్యలో సున్నా దూరే సందు లేదు.

"అది ప్రధాన సంఖ్యని ఎప్పుడో తేల్చేశారు కదా," అన్నాను.
"తేలింది వాళ్ళకి," అంది చిల్లర లెక్కపెట్టుకుంటూ.

పద్ధతి చిన్నపిల్లకి చెప్పేటంత సులువు.
నాలుగుతో మొదలెట్టు. దాన్ని దానితోనే గుణించు.
రెండు తీసెయ్. ఆ పెద్ద సంఖ్యతో భాగించి
మిగిలిందే దాచుకో. రేపు మళ్ళీ దానితో ఇదే పని.
యాభై తొమ్మిదోసారి ఏమీ మిగలకపోతే
అది ప్రధానం.
మిగిలితే కాదు.

మొదటి రాత్రి పద్నాలుగు.
రెండో రాత్రి నూట తొంభై నాలుగు.
మూడోది ముప్ఫై ఏడువేల ఆరువందల ముప్ఫై నాలుగు, ఒక కాఫీతో అయిపోయింది.
అయిదో రాత్రికే పంతొమ్మిది అంకెలు.
ఆరో రాత్రి నుంచి భాగహారం మొదలై
పుట తర్వాత పుట మెట్లు మెట్లుగా కిందికి దిగింది.
మా కిటికీలోంచి ఆమె దీపం కనిపించేది.
తెల్లారిందనడానికి తెల్లారని రోజులవి;
దీపం ఆరితే ఆ పూట లెక్క అయిందని అర్థం.
పడుకునే ముందు తొమ్మిదులు కొట్టేసి
సరిచూసుకునేది, తలుపు గడియ చూసుకున్నట్టు.

జనవరిలో కోట మీద తోపు పేలింది.
సూర్యుడు నిండుగా కనిపించాడు. బడికి సెలవు.
మర్నాడు యాభై తొమ్మిదో రాత్రి.

సున్నా రాలేదు.
పంతొమ్మిది అంకెలు మిగిలాయి.

అప్పులో శేషం, నిప్పులో శేషం ఉంచకూడదంటారు.
ఈ శేషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు.
వారం రోజులు వెనక్కి నడిచింది, పుట పుటా.
నలభై ఒకటో రాత్రి దగ్గర దొరికింది:
నలభై ఏడు ఉండాల్సిన చోట డెబ్భై నాలుగు.
అంకెలు చోటు మారాయంతే. కూడితే రెండూ పదకొండే,
తొమ్మిదుల కాపలాకి ఆ దొంగ చిక్కడు.

ఆ రాత్రి ఫోను మోగిందట.
హామర్‌ఫెస్ట్ ఆసుపత్రి నుంచి, అన్న సిగ్‌వాల్ గురించి.
మూడుసార్లు "సరే" అని, ఫోను పెట్టేసి,
వచ్చి కూర్చుని, గీత కింద అంకె వేసింది.
అంత్యక్రియలకి వెళ్ళే బస్సులో కూడా
ఒళ్ళో నోటుబుక్కు తెరిచే ఉంది.
ఆ తప్పు మీదే పద్దెనిమిది రాత్రులు కట్టుకుంటూ వచ్చింది.

రబ్బరు తీయలేదు. డెబ్భై నాలుగుని అలాగే ఉంచి
పక్కన నలభై ఏడు రాసి, అక్కణ్ణుంచి మళ్ళీ.
పంతొమ్మిది లెక్కలు. ఈసారి పగలు చేసింది,
వెలుతురు రోజుకో గుప్పెడు పెరుగుతుంటే.

ఫిబ్రవరి చివర్న ఆరో పుస్తకం తెచ్చి
నా గల్లాపెట్టె మీద తెరిచి పెట్టింది.
ఆఖరి గీత కింద సున్నా.
మిగతా అంకెలంతే ఉంది, పెద్దదేం కాదు.

"దీని తర్వాతది ఎనభై తొమ్మిది రెళ్ళది," అంది.
"రాత్రులు ఎనభై ఏడు కావాలి."
నోటుబుక్కులు నా దగ్గర ఉన్నాయి.
మా ఊళ్ళో అంత చీకటి లేదు.